గుంపుగా గోవిందా, విడిగా గోవిందా

యూరప్ వెళ్ళాలని అనుకున్నాక మా ఇంట్లో రెండు పార్టీలు పుట్టాయి. టూరు కంపెనీ బస్సెక్కి నలుగురితో పాటు పోదామనేది మా మామగారి పార్టీ. మన ప్రయాణం మనమే చేసుకుందామనేది నా పార్టీ. మా ఆవిడ, అత్తగారు, పదమూడేళ్ళ మా అమ్మాయి ఎటూ చెప్పకుండా ఉన్నారు. అంటే మామగారి వైపే అన్నమాట.

మామగారు ఆర్టీసీలో ముప్పై నాలుగేళ్ళు చేశారు. రిటైరయ్యే నాటికి బస్టాండులో కంట్రోలరు. ఆయనతో పొద్దున్నే నడకకు వచ్చే మిత్రుడు ఆ ముందు సంవత్సరం పన్నెండు రోజుల్లో ఎనిమిది దేశాలు చూసొచ్చాడు. ఆ ఎనిమిదిలో వాటికన్ ఒకటి, లీష్టెన్‌స్టైన్ ఒకటి.

"ఒకటేమో చదరపు కిలోమీటరులో సగం కూడా ఉండదు. రెండోది మన మండలమంత. వాటిని కూడా లెక్కేసి ఎనిమిదంటే ఎలా మామయ్యగారూ?" అన్నాను.

"అర టికెట్టయినా సీటు సీటే కదా అల్లుడుగారూ" అన్నారాయన.

గుంపు టూర్ల మీద నాకున్న చులకన ఇంతా అంతా కాదు. ఆరింటికి నిద్ర లేపడం, ఏడింటికి టిఫిను, ఎనిమిదింటికి బస్సు. బస్సులో రోజుకో వరస సీటు మారడం. ఈఫిల్ టవరు దగ్గర ఇరవై నిమిషాలు దింపి ఫొటోలు తీసుకోమనడం, గడియారాల కొట్టు దగ్గర మాత్రం గంటన్నర ఆపడం. రోమ్‌లోనూ పనీరే, పారిస్‌లోనూ పనీరే. పసుపురంగు టోపీలు పెట్టుకుని, జెండా పట్టుకున్న కుర్రాడి వెనకాల బాతుల్లా నడవడం. "గుంపులో గోవిందా అనుకుంటూ తిరగడానికి ఇన్ని లక్షలెందుకు, తిరుమల పోవచ్చు కదా" అని ఇంటికొచ్చిన వాళ్ళందరితోనూ అన్నాను. ఒక్క విషయం మాత్రం మామగారికి చెప్పకుండా దాచాను. అక్కడ బస్సు డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపాక చట్టప్రకారం ముప్పావు గంట ఆపి తీరాలి. ఆ సంగతి తెలిస్తే ఆయన ఆ బస్సు చూడ్డానికే వెళ్ళేవారు.

చివరికి నేనే గెలిచాను. ఇంటర్నెట్టులో నేనొక్కణ్ణే కూర్చుంటాను కాబట్టి గెలిచానంతే. ఎక్సెల్ షీటు వేశాను. ఏ పూట ఏ రైలు, ఏ ప్లాట్‌ఫారం, ఎక్కడ ఏం తినాలి, అన్నీ రంగురంగుల గడుల్లో. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకి మనిషికి 30,000 యూరోల బీమా ఉండాలంటే అది కూడా కట్టాను. ఆరో వెర్షన్‌ని అయిదు కాపీలు ప్రింటు తీసి, తలా ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చాను. ఇంకో తెలివైన పని కూడా చేశాను. అయిదుగురికీ అయిదు సిమ్‌లు దండగని నా ఒక్క ఫోనులోనే అక్కడి సిమ్ వేయించి, మిగతావాళ్ళందరినీ నా హాట్‌స్పాట్ మీద బతకమన్నాను.

ఇంటర్‌లాకెన్‌లో వంటిల్లున్న ఇల్లు తీసుకున్నాం. మేం దిగింది ఆదివారం. స్విట్జర్లాండులో ఆదివారం కొట్లు మూసేస్తారని ఎక్సెల్‌లో ఏ గడిలోనూ లేదు. స్టేషన్లో ఉన్న ఒకే ఒక్క కొట్టు నుంచి పెరుగు పట్టుకొచ్చేసరికి రాత్రి ఎనిమిదైంది. అదీ వెనిలా పెరుగు. ఆవకాయతో వెనిలా పెరుగన్నం తిన్న మా అత్తగారు ఒక్క మాట కూడా అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటేనే నాకు భయం.

మర్నాడు యుంగ్‌ఫ్రౌయోఖ్. 3,454 మీటర్ల ఎత్తున, మంచులో, యూరప్ మొత్తంలోనే అన్నిటికన్నా ఎత్తయిన రైల్వే స్టేషన్. కొండ కడుపులోంచి సొరంగం తొలిచి ఆ లైను వేయడానికి 1896 నుంచి 1912 దాకా పదహారేళ్ళు పట్టింది. పైకి రైల్లో రెండు దారులున్నాయి. లౌటర్‌బ్రునెన్ మీదుగా ఒకటి, గ్రిండెల్‌వాల్డ్ మీదుగా ఒకటి. రెండూ క్లైనె షైడెగ్ అనేచోట కలుస్తాయి. అక్కడి రైళ్ళలో తిరగడానికి తీసుకునే స్విస్ పాసు చూపిస్తే పైకి వెళ్ళే టికెట్టులో పావు వంతు తగ్గుతుంది. అలా తగ్గించి కొన్న టికెట్లు, అందరి పాసులు, పాస్‌పోర్టులు నా దగ్గరే. పులిహోర డబ్బా, నీళ్ళ సీసాలు, బంగాళాదుంప చిప్సు అత్తగారి సంచిలో.

ఇంటర్‌లాకెన్ ఓస్ట్ స్టేషన్లో పసుపూ నీలం రంగు రైలు నిలబడి ఉంది. మా ఆవిడ ప్లాట్‌ఫారం మీద యూనిఫాం వేసుకున్న ఆయనకి ప్లాస్టిక్ కవర్లోని కాయితం చూపించి ఏదో అడుగుతోంది. మనకి అడగడం నామోషీ. నేనూ మామగారూ కిటికీ పక్క సీట్లు ఖాళీగా కనిపించిన పెట్టెలోకి ఎక్కేశాం. ఆడవాళ్ళు ముగ్గురూ ఎక్కడో దూరంగా ఉన్న పెట్టెకి పోతున్నారు.

"బోర్డు చూశారా అల్లుడుగారూ?" అన్నారు మామగారు.

"ఒకటే రైలు కదండీ. ఏ పెట్టెలో ఎక్కితే ఏముంది?"

పది నిమిషాల్లో ఒక చిన్న స్టేషన్ వచ్చింది. త్స్వైల్యూట్షినెన్. ల్యూట్షినె అనే పేరుతో రెండు ఏరులున్నాయి, నల్లదొకటీ తెల్లదొకటీ. అవి అక్కడ కలుస్తాయి కాబట్టి ఆ పేరు. ఏరులు కలిసేచోట రైలు విడిపోతుంది. సగం పెట్టెలు లౌటర్‌బ్రునెన్‌కి, సగం గ్రిండెల్‌వాల్డ్‌కి. ఈ విషయం నాకు రైలు కదిలాక, ఒక వంపు దగ్గర కిటికీలోంచి వెనక్కి చూస్తే తెలిసింది. మా రైలుకి తోక లేదు.

వెంటనే ఫోన్ తీశాను. మా ఆవిడ ఫోను మోగదు. ఆ ఫోను ఊపిరి నా జేబులో ఉంది మరి.

మామగారు నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన ముఖంలో ఉద్యోగం తిరిగొచ్చినవాడి కళ కనిపించింది. "మన కాజీపేటలో దక్షిణ్ ఎక్స్‌ప్రెస్‌కి విశాఖ పెట్టెలు ఇలాగే తగిలించేవాళ్ళు, విడగొట్టేవాళ్ళు. కాకపోతే అక్కడ పెట్టెకి బోర్డుండేది" అన్నారు.

తలెత్తి చూస్తే మా నెత్తి మీద తెర, దాని మీద 'లౌటర్‌బ్రునెన్' అని పెద్ద అక్షరాలు. ఇక్కడా బోర్డుంది.

ఇంతలో టికెట్లు చూసే ఆయన వచ్చాడు. ఫోన్లో నలుగురి పాసులు, పిల్ల కార్డు చూపించాను. ఆయన ఫోన్ వైపు చూశాడు, మా ఇద్దరి వైపు చూశాడు, సీటు కిందికి కూడా ఒకసారి చూశాడనుకుంటాను. నేను చెయ్యి వెనక్కి చూపించాను. "గ్రిండెల్‌వాల్డ్?" అన్నాడు. తలూపాను. మొదటిసారి చూసినట్టు లేడు. రెండు దారులూ క్లైనె షైడెగ్‌లో కలుస్తాయని, అక్కడ కూర్చోమని చెప్పి వెళ్ళిపోయాడు.

లౌటర్‌బ్రునెన్‌లో దాదాపు మూడొందల మీటర్ల ఎత్తునుంచి జలపాతం పడుతోందట. పడే ఉంటుంది. నేను ఫోను తప్ప ఏమీ చూడలేదు. పళ్ళచక్రాల రైలు మారి వెంగెన్ దాటుతుండగా ఫోన్ టింగుమంది. బ్యాంకు నుంచి మెసేజీ. మా ఆవిడ దగ్గరున్న కార్డు మీద 14 ఫ్రాంకుల ఖర్చు, ఊరు గ్రిండెల్‌వాల్డ్.

"మూడు కాఫీలు. అందరూ క్షేమం" అని ప్రకటించారు మామగారు. అక్కణ్ణుంచి కంట్రోలు రూము ఆయన చేతిలోకి వెళ్ళిపోయింది. నా ఫోను ఆయనే పట్టుకుని కూర్చున్నారు.

రెండో మెసేజీ క్లైనె షైడెగ్‌లో దిగాక వచ్చింది. ఈసారి నాలుగొందల ఫ్రాంకుల పైన. ఫ్రాంకు అప్పట్లో మన వంద రూపాయలకి అటూ ఇటూగా ఉండేది. నేను అక్కడి బల్ల మీద కూర్చుండిపోయాను. ఎదురుగా ఐగర్ శిఖరం నల్లగా, నిటారుగా. ప్రపంచంలో పర్వతారోహకులంతా గడగడలాడే గోడ అది. నాకైతే ఆ మెసేజీ ముందు అది ప్రహరీలా కనిపించింది.

"పై టికెట్లు కొన్నారు. తగ్గింపు లేకుండా" అన్నాను.

"పాసులు మన దగ్గరున్నాయి కదా" అన్నారు మామగారు, నా గాయం మీద కారం జాగ్రత్తగా సర్దుతూ.

వాళ్ళు ఇక్కడికి రావాలి కదా అని రెండు రైళ్ళు చూశాం. ఆకలి దంచేస్తోంది. పులిహోర ఉన్న సంచి కార్డుతో పాటు తిరుగుతోంది. అప్పుడు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో గుంటూరావిడ ఫోన్లోంచి మా ఆవిడ.

"ఏమండీ, ఎక్కడ తప్పిపోయారు?"

తప్పిపోయింది నేనట!

"మేం పైన ఉన్నాం. గ్రిండెల్‌వాల్డ్ నుంచి తీగల బండి వేశారు, పావుగంటలో కొండెక్కించేసింది. షైడెగ్‌కి రానక్కర్లేదట. ఇక్కడ ఒక టూరు వాళ్ళు కలిశారు, మనవాళ్ళే. వాళ్ళలో ఇరవై మంది దాకా గుంటూరు, కరీంనగర్. జెండా అబ్బాయి చాలా మంచివాడు, అమ్మని చెయ్యిపట్టి ఎక్కించాడు. మీరు రండి మరి."

2020 డిసెంబరులో మొదలైన ఆ తీగమార్గం నా ఎక్సెల్‌లో ఉంది. కాకపోతే దిగడానికి. ఆరో వెర్షన్‌లో ఎక్కడానికే పెట్టాను, ముందురోజు రాత్రి వెనిలా పెరుగు మీది కోపంతో దారి తిరగేసి ఏడో వెర్షన్ చేశాను. ప్రింటర్ లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. అంటే మా ఆవిడ కాయితం ప్రకారమే, అడిగి మరీ, సరైన పెట్టెలోనే ఎక్కింది.

మేం పైకి చేరేసరికి ఒంటిగంటన్నర. గాలి పలచన, నాలుగడుగులేస్తే ఆయాసం. మంచు, హిమానీనదం, వగైరా అన్నీ ఉన్నాయి. మేం వెతుక్కుంటూ పోయింది మాత్రం అక్కడున్న ఇండియన్ హోటలుకి. పసుపు టోపీల మధ్య మా అత్తగారు పప్పన్నం కలుపుకుంటున్నారు. ఆవిడ నెత్తిన కూడా ఒక పసుపు టోపీ. మా అమ్మాయికి అప్పటికే ఇద్దరు స్నేహితురాళ్ళు, ముగ్గురి ఫోన్లలోనూ ఇంటర్నెట్టు.

"ఈయనేనా తప్పిపోయినాయన?" అంది గుంటూరావిడ, మా ఆవిడతో, జాలిగా.

"పులిహోర ఏదీ?" అన్నాను.

"అందరికీ తలా కాస్త పెట్టాం. బాగుందన్నారు. వాళ్ళు గోంగూర ఇచ్చారు, ఉంచాను" అన్నారు అత్తగారు. గోంగూర ఉంది, అన్నం లేదు. టూరు వాళ్ళ భోజనాలు ముందే లెక్కకట్టి తెప్పించినవట. హోటల్లో విడిగా అడిగి తిన్నాం. దాని మెసేజీ కూడా వచ్చింది, చదవలేదు.

కిందికి దిగే రైలు దగ్గర పసుపు టోపీలన్నీ వరసలో నిలబడ్డాయి. మా అత్తగారు మామూలుగా వెళ్ళి ఆ వరసలో చేరారు. వెనకాల మా ఆవిడ, పిల్ల. చూస్తుండగానే మామగారు కూడా వెళ్ళి నిలబడ్డారు, చేతులు వెనక్కి కట్టుకుని. నేను కాసేపు హిమానీనదం వైపు చూస్తున్నట్టు నటించి, ఫోన్లో ఏడో వెర్షన్ తెరిచి, మూసేసి, చివర్లో చేరాను.

జెండా అబ్బాయి తలకాయలు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. నా దాకా వచ్చి ఆగాడు.

"యాభై రెండు. అయిదుగురు ఎక్కువొస్తున్నారే" అన్నాడు తనలో తాను.

మామగారు అతని భుజం తట్టారు. "ఎక్కువొస్తే నీకు మెమో ఇవ్వరు బాబూ. రైట్ చెప్పేసెయ్!"