పద్నాలుగు గోళ్లు, రెండు దశలు

కర్నూలులో పరిష్కారం కాని సమస్యల జాబితాలో మా బుడ్డోడి గోళ్లను కూడా చేర్చాలని ఇందుమూలంగా డిమాండ్ చేస్తున్నా. బుడ్డోడంటే మా ఇంటి గినీ పిగ్. పేరులో పంది ఉందిగానీ అది పంది కాదు, గినీ దేశంతో దానికి ఏ చుట్టరికమూ లేదు. ఆండీస్ కొండల నుంచి వచ్చిన ఎలుకల వంశం. మా అవ్వ మాత్రం మొదటిరోజే "సీమ పందికొక్కు" అని తేల్చేసింది. ఓడ దిగిన ప్రతిదానికీ సీమ అని తగిలించడం మనకు అలవాటే కదా, సీమచింత, సీమవంకాయ. పైగా 1928లో నంద్యాల సభలో మనకు మనమే రాయలసీమ అని పేరు పెట్టుకున్నాం. అంటే బుడ్డోడు రెండు విధాలా లోకలే.

ముందుకాళ్లకు నాలుగేసి, వెనకకాళ్లకు మూడేసి, మొత్తం 14 గోళ్లు. నెలకోసారన్నా తీయకపోతే వంకర తిరిగి అరికాల్లోకి దిగి పుండు పడుతుంది. ఎప్పుడు తీయాలన్న దానిమీద మా ఇంట్లో మూడు వారాలు చర్చ నడిచింది. మంగళవారం కూడదు. శుక్రవారం లక్ష్మి. శనివారం వెంకన్న. సోమవారం అవ్వకు ఒక్కపొద్దు. గురువారం సాయిబాబా. ఆదివారాలు రెండు పెళ్లిళ్లకు పోయాయి. మిగిలిన బుధవారం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి దీపాలు పెట్టేవేళ.

"దీపాలు పెట్టినంక గోర్లు తీస్తే ఇంటికి దరిద్రం రా నాయనా!"

"మనిషి గోర్లు కాదవ్వా, దాని గోర్లు."

"అది ఉండేది మనింట్లోనే గదా?"

ఈ పాయింటుకు నా దగ్గర జవాబు లేదు. హైకోర్టు బెంచి కర్నూలుకు వచ్చాక అక్కడే తేల్చుకుంటా.

మూడో ఆదివారం పొద్దున, ఉగ్గాని బజ్జీ తిన్నాక, పని మొదలైంది. 1953లో ఊరు రాజధాని అయినప్పుడు ఆఫీసులకు డేరాలు వేసినట్టు బుడ్డోడికి తువ్వాలుతో డేరా వేశాం. తలా, ఒక కాలూ మాత్రమే బయట. వెల్లకిలా తిప్పితే బెదిరిపోతుంది కాబట్టి ఒళ్లో కూర్చోబెట్టుకుని, వీపు నా పొట్టకు ఆనించి, కింద చెయ్యి వేసి పట్టుకున్నా. నా పొట్ట ఒక ప్రాణికి పనికొచ్చింది ఆ రోజే. కత్తిరింపుల శాఖ మా ఆవిడది, మేత శాఖ మావాడిది. ఉల్లి మార్కెట్టుకు పేరుపడ్డ ఊళ్లో ఉంటూ ఈయనగారికి ఉల్లి పడదు, విషం. జామకాయ ముక్క, బెంగుళూరు మిరపకాయ ముక్క కావాలి. మనలాగే దాని ఒంట్లోనూ విటమిన్ సి తయారు కాదు మరి.

తెల్లగోరులో లోపల గులాబీ రంగు గీత కనబడుతుంది. అది రక్తనాళం, దానికి ఇవతలే ఆగాలి. నల్లగోరయితే కింద నుంచి సెల్‌ఫోన్ టార్చి వేస్తే తెలుస్తుంది. (కాంట్రాక్టరు బిల్లులకు ఈ పద్ధతి పనిచేయదు, నేను చూశా.) మా ఆవిడ చిన్నపిల్లల నెయిల్ కట్టరుతో మిల్లీమీటరు చొప్పున తీసుకుంటూ పోయింది. ఐదో గోరు దగ్గర నేను "ఇంకొంచెం" అన్నా. ఆ "ఇంకొంచెం"కే రక్తం చుక్క. బుడ్డోడి కేక కొండారెడ్డి బురుజు దాకా వినబడి ఉంటుంది. అవ్వ పసుపు డబ్బాతో, మావాడు యూట్యూబ్‌తో పరిగెత్తుకొచ్చారు. మా ఆవిడ ఎవరినీ పట్టించుకోకుండా చిటికెడు కార్న్‌ఫ్లోర్ గోటికి అద్ది, కాసేపు నొక్కిపట్టింది. రక్తం ఆగింది. అప్పుడు నా వైపు చూసింది. దానికంటే బుడ్డోడి కేకే నయం.

అంతటితో మొదటి దశ విజయవంతంగా పూర్తయినట్టు ప్రకటించా. మిగిలిన తొమ్మిదీ రెండో దశలో, మన హంద్రీ-నీవా సాగునీటి ప్రాజెక్టు పద్ధతిలో. నవ్వకండి, అన్నీ ఒక్కసారే తీయాలని రూలేం లేదు, రోజుకు రెండు మూడు తీసినా చాలు. జంతువుకు బెదురుండదు. కాకపోతే పద్నాలుగోది తీసేలోపు మొదటిది మళ్లీ పెరుగుతుంది, అంచనాలు సవరించుకోవాలి.

రెండో దశకు బుధవారం పొద్దున ఆరింటికి ముహూర్తం పెట్టా. అవ్వ క్యాలెండరు తిప్పి చూసింది.

"బుధవారం అమాస రా నాయనా."