కవికి విగ్రహం సరే, పద్యానికి గోడ ఏదీ?

ట్యాంక్‌బండ్ మీద మొల్ల ఉంది, వేమన ఉన్నాడు, జాషువా, శ్రీశ్రీ, మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నారు. కవులను ఇలా నడిబజారులో వరుసగా నిలబెట్టుకున్న నగరాలు దేశంలో అరుదు. అందుకు గర్వపడదాం. అయితే సాయంత్రం పూట అటు నడిచే కుర్రవాడికి ఆ కవుల ముఖాలు తెలుస్తాయి, పేర్లు తెలుస్తాయి. వాళ్లు ఏం రాశారన్నది తెలియాలంటే ఇంకెక్కడికో వెళ్లాలి. విగ్రహం పెట్టడంతో కవి పట్ల మన బాధ్యత తీరదు. ఆ కవి రాసిన నాలుగు పాదాలు నలుగురి కంటా పడాలి. హైదరాబాద్ ఇప్పుడు ఆ పనికి పూనుకోవాలని మేం కోరుతున్నాం.

ఈ ఊళ్లో గోడలకు రాతల కరవేం లేదు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా సాగే వంతెన కింద చిరునామాలన్నీ పిల్లర్ నంబర్లే. నగరంలో ఏ స్తంభం చూసినా కోచింగ్ సెంటర్ల పోస్టర్లు, నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షలు. బహిరంగ ప్రదేశాలను ఇలా పాడు చేయకూడదని 1997లోనే చట్టం చేసుకున్నాం. అయినా జాగా ఖాళీగా కనిపిస్తే చాలు, తెల్లవారేసరికి ఎవరో ఒకరి బొమ్మ వెలుస్తుంది. ఆ వంతెనకు పెట్టుకున్న పేరు పి.వి. నరసింహారావుది. విశ్వనాథ ‘వేయిపడగలు’ను హిందీలోకి తెచ్చిన సాహితీవేత్త ఆయన. ఆ పేరుకు తగిన పంక్తులకు ఆ వంతెన కింద చోటు ఇవ్వలేమా?

గోడమీద కవిత మనకు పరాయి ముచ్చట కాదు. నిజామాబాద్ జైలులో దాశరథి బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశారు. మౌలాలిలో కవయిత్రి మహలఖా బాయి చందా సమాధి ద్వారం మీద ఉర్దూ పంక్తులు నేటికీ ఉన్నాయి. ఆమె కన్నుమూసింది 1824లో. బయటి సంగతి చూస్తే, లండన్ భూగర్భ రైళ్లలో 1986 నుంచి కవితలు కనిపిస్తున్నాయి. నెదర్లాండ్స్‌లోని లైడెన్ పట్టణంలో 1992లో మొదలైన ఇలాంటి ప్రయత్నం వంద గోడలు దాటింది. అక్కడ మొదట రాసింది సొంత భాష కవిత కాదు. రష్యన్ కవయిత్రి మరీనా త్స్వెతాయెవా కవితను రష్యన్ లిపిలోనే రాశారు. మనకైతే ఉర్దూ పరాయిదీ కాదు, ఈ నగరం పుట్టినప్పటి నుంచీ దక్కనీగా ఈ వీధుల్లో పలుకుతూనే ఉంది. ఉర్దూ కవితను ఉర్దూ లిపిలో రాసి కింద తెలుగు చేసి పెట్టాలి. తెలుగు పద్యానికీ అంతే మర్యాద దక్కాలి.

ఏ పద్యం ఎక్కడ ఉండాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాదాపు 150 మంది దాని కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. అదే వరద అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని తీసుకుపోయింది. ఆయనొక్కడే బతికి బయటపడ్డాడు, రుబాయీల కవిగా ఉర్దూ లోకంలో పేరు పొందాడు. రుబాయీ అంటే నాలుగు పాదాలే. ఓపీ చీటీ పట్టుకుని గంటలకొద్దీ నిలబడే జనానికి కంటి ఎత్తున ఆయన రుబాయీ ఒకటి రాసి ఉంచితే, పక్క జిల్లా నుంచి రోగిని వెంటబెట్టుకుని వచ్చిన మనిషికి, ఇదే ఒడ్డున సర్వం పోగొట్టుకుని కూడా నిలదొక్కుకున్నవాడు ఒకడున్నాడని తెలుస్తుంది. బస్టాపులు, ఎంఎంటీఎస్ ప్లాట్‌ఫారాలు, రిజిస్ట్రేషన్ ఆఫీసుల వరండాలు, ఇలా జనం ఎదురుచూసే చోట్లే పద్యానికి తగినవి. వేగంగా బండి నడిపేవాడి కంటికి ఫ్లైఓవర్ మీద కవిత పెట్టడం ప్రమాదం కూడా.

రాసే తీరు మీదా శ్రద్ధ ఉండాలి. ఫ్లెక్సీలు వచ్చాక చేత్తో బోర్డులు రాసే పెయింటర్లకు పని పోయింది. కంప్యూటర్‌లో ఫాంటు మారితే వత్తు విడిపోతుంది, ‘క్ష’ రెండు ముక్కలవుతుంది, అదే అచ్చయి బోర్డుగా నిలబడుతుంది. పెయింటరు చేతిలో అలా జరగదు. రంగు పట్టించిన దారంతో గీత కొట్టుకుంటాడు. సుద్దముక్కతో అక్షరాలు గీసుకుంటాడు. పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగలకుండా ఎడం చూసుకుని, అప్పుడు గానీ బ్రష్షు ముంచడు. కవిత్వానికి ఆ చేయే కావాలి. ఉర్దూను చేత్తో అందంగా రాసే ఛత్తాబజార్ కాతిబులను కూడా ఈ పనిలోకి పిలవాలి.

అసలు చిక్కంతా ఎంపికలోనే. 2011 మార్చి 10న, తెలంగాణ ఉద్యమంలో మిలియన్ మార్చ్ నాడు, ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు కూలాయి. కవుల మీద చేయి పడటం బాధాకరం. ఎవరికి చోటిచ్చారు, ఎవరిని మరిచారు అంటూ ఆనాడు వచ్చిన ప్రశ్న వెనుక ఉన్న బాధ కూడా అంతే నిజం. గోడల దగ్గర ఆ పొరపాటు మళ్లీ చేయొద్దు. తెలంగాణ పల్లె కవులు, దక్కనీ కవులు, దళిత కవులు, స్త్రీలు, ఇప్పుడిప్పుడే రాస్తున్న కాలేజీ పిల్లలు అందరికీ జాగా ఉండాలి. ఎంపిక సంఘంలో నాయకులు, అధికారులు ఉండకూడదు. ఏ పార్టీ ఏలుబడిలోనైనా ఏలినవారిని పొగిడే పంక్తి గోడ ఎక్కకూడదు. ఇందుకు కొత్త పథకం, కొత్త శాఖ అక్కర్లేదు. వంతెనలకు, గోడలకు రంగులు వేయించే ఖర్చులోనే కొంత కేటాయిస్తే చాలు. కవి జీవించి ఉంటే అనుమతి తీసుకుని పారితోషికం ఇవ్వాలి, పెయింటరుకు దినకూలీ లెక్కన కాక పనికి తగ్గ ప్రతిఫలం ఇవ్వాలి, పద్యం కింద ఇద్దరి పేర్లూ రాయాలి.