డుబ్రోవ్నిక్ దాని కోటగోడల అవతలే ఉంది

క్రొయేషియా 2023 జనవరి 1న, ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల సమూహమైన షెంగెన్ ప్రాంతంలో చేరి, అదే రోజు యూరోను తన ద్రవ్యంగా చేసుకున్నాక, ఇటలీకో జర్మనీకో వెళ్లే తెలుగు కుటుంబాలకు ఆ దేశపు తీరపట్టణం డుబ్రోవ్నిక్ బాగా దగ్గరైంది. వేరే వీసా అక్కర్లేదు, డబ్బు మార్చుకునే పనీ లేదు. అయితే అక్కడికి వెళ్లేవారి చేతిలో కనిపించే ప్రయాణ ప్రణాళికలు దాదాపు అన్నీ ఒకే అచ్చులో ఉంటాయి. మొదటి రోజు పాత పట్టణం, కోటగోడలు. రెండో రోజు పొద్దున్నే బస్సెక్కి మాంటెనెగ్రోలోని కోటోర్. మూడో రోజు బోస్నియాలోని మోస్తార్ వంతెన. నాలుగో రోజు విమానం. ఈ ప్రణాళిక తప్పని నా అభిప్రాయం. ఒళ్లు అలిసిపోతుందని కాదు. ఎంత తిరిగినా డుబ్రోవ్నిక్ అంటే ఏమిటో తెలియకుండానే తిరిగి వచ్చేలా చేస్తుంది కనుక తప్పంటున్నాను.

డుబ్రోవ్నిక్‌ను మనం ఒక అందమైన రేవు పట్టణంగా చూస్తున్నాం. నిజానికి అది ఒక రాజ్యానికి రాజధాని. 14వ శతాబ్ది నుంచి 1808లో నెపోలియన్ సేనాని మార్మోంట్ రద్దు చేసేదాకా నిలిచిన రగూసా (డుబ్రోవ్నిక్ పాత పేరు) రిపబ్లిక్‌ను ఇక్కడి నుంచే నడిపారు. రెక్టర్ అనే పాలకుడి పదవీకాలం నెల రోజులు మాత్రమే; అధికారం ఒక్కరి చేతిలో గట్టిపడకూడదని వారు పెట్టుకున్న కట్టుబాటు అది. ఒకవైపు వెనిస్, మరోవైపు ఒట్టోమన్ సామ్రాజ్యం ఉండగా, చుట్టుకొలత 2 కిలోమీటర్లు కూడా లేని గోడల మధ్య ఉన్న ఈ చిన్న ఊరు అన్ని శతాబ్దాలు ఎలా నిలదొక్కుకుంది? వేసవిలో 35 యూరోలకు తక్కువ కాని టికెట్టు కొని ఆ గోడల మీద ఎంతసేపు నడిచినా ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. దాని కోసం వాయవ్యంగా యాభై కిలోమీటర్లకు పైగా ప్రయాణించి స్టోన్ అనే చిన్న ఊరికి వెళ్లాలి.

పెల్యెషాత్స్ ద్వీపకల్పం ప్రధాన భూభాగానికి అతుక్కునే సన్నని మెడ మీద స్టోన్ ఉంది. రగూసా ఈ ద్వీపకల్పాన్ని 1333లో యుద్ధం చేసి గెలవలేదు, డబ్బిచ్చి సంపాదించింది. ఆ వెంటనే అక్కడ గోడ కట్టడం మొదలుపెట్టింది. కొండ మీదుగా ఎక్కి, దిగి, అటు పక్కనున్న మాలి స్టోన్ దాకా సాగే ఆ గోడ ఇప్పటికీ 5 కిలోమీటర్లకు పైగా నిలిచి ఉంది. ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆగి ఈ లెక్కను గమనించాలని కోరుతున్నాను. రాజధాని చుట్టూ 2 కిలోమీటర్ల లోపు గోడతో సరిపెట్టుకున్న రిపబ్లిక్, ఇంత చిన్న ఊరి దగ్గర దానికి రెండింతలకు పైగా గోడ కట్టింది. ద్వీపకల్పం రక్షణ ఒక కారణమైతే, ఊరి అంచున ఉన్న ఉప్పు మళ్లు రెండో కారణం. సముద్రపు నీటిని ఒక మడి నుంచి మరో మడికి మళ్లిస్తూ, ఎండకూ గాలికీ ఆవిరి చేస్తూ, వేసవిలో ఉప్పును పోగు చేసే పద్ధతి నేటికీ అక్కడ కొనసాగుతోంది. బాల్కన్ లోతట్టు ప్రాంతాలకు ఉప్పు కావాలి. ఆ ఉప్పు రగూసా చేతిలో ఉంది. డుబ్రోవ్నిక్‌లో మనం మెచ్చుకునే సున్నపురాతి వీధుల వెనుక, రెక్టర్ భవనం వెనుక ఈ ఉప్పు ఆదాయం ఉంది. ఇక మాలి స్టోన్ అఖాతంలో పెంచే ఆలుచిప్పలను, అంటే ఆయిస్టర్లను, తీసిన పూటే అక్కడే తినవచ్చు. ఇన్ని ఉన్నా పర్యాటక బస్సుల్లో ఎక్కువ భాగం స్టోన్‌ను దారిలో ఆగే ఊరుగానే చూస్తాయి.

నీటి కథా అలాంటిదే. పాత పట్టణంలో అడుగుపెట్టగానే పెద్ద ఓనోఫ్రియో ఫౌంటెన్ కనిపిస్తుంది, అందరూ సీసాలు నింపుకుంటారు. 1438 ప్రాంతంలో సుమారు 12 కిలోమీటర్ల దూరంలోని షుమెత్ ఊటల నుంచి కాలువ తవ్వి నీళ్లు తెచ్చినందుకే ఆ ఫౌంటెన్ ఉంది. రగూసా కొనవ్లే లోయను 1419లో సగం, 1426లో మిగతా సగం కొన్నది పొలాల కోసం, ద్రాక్షతోటల కోసం. లోపుద్ దీవిలో పుట్టిన ఓడల యజమాని మిహో ప్రాట్సాట్ కులీనుడు కాదు. తన ఆస్తిని రిపబ్లిక్‌కు రాసి ఇచ్చినందుకు 1638లో అతని ప్రతిమను రెక్టర్ భవనం లోపలి ఆవరణలో నిలిపారు. సామాన్యుడికి రిపబ్లిక్ ఇచ్చిన అలాంటి గౌరవం అదొక్కటే. గ్రూజ్ రేవు నుంచి ఫెర్రీ ఎక్కితే చేరే లోపుద్‌లో నేటికీ కార్లు తిరగవు. ఇక డుబ్రోవ్నిక్ దగ్గర్లోని త్రస్తెనో అనే ఊళ్లో గుచెతిచ్ కుటుంబం 15వ శతాబ్ది చివర్లో వేసిన తోట, 500 ఏళ్లకు పైబడిన రెండు చినార్ చెట్లు ఉన్నాయి. 1991 యుద్ధంలో ఆ తోటలో కొంత కాలిపోయింది. వీటిని పక్క యాత్రలు అనడానికి నాకు మనసొప్పదు. ఊరికి కూడు, నీళ్లు, ఓడలు, సంపద సమకూర్చిన చోట్లే చూడాల్సిన అసలు విషయం.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో అంత ఖర్చు పెట్టుకుని జీవితంలో ఒక్కసారి వెళ్లేవారికి, పక్కనే ఉన్న కోటోర్ అఖాతాన్ని, 1993లో కూల్చివేతకు గురై 2004లో మళ్లీ లేచిన మోస్తార్ వంతెనను చూడవద్దని చెప్పే హక్కు ఎవరికుంది? ఎవరికీ లేదు. ఆ రెండూ ప్రపంచ వారసత్వ స్థలాలే. ఆ గొప్పతనం వల్లే, సాయంత్రానికి తిరిగి రావాల్సిన బస్సులో వాటిని ముగించకూడదని అంటున్నాను. వేసవిలో సరిహద్దు దగ్గర ఎంతసేపు ఆగాల్సి వస్తుందో ముందే చెప్పగలవారు లేరు. 2025 అక్టోబరు నుంచి షెంగెన్ దేశాలు దశలవారీగా మొదలుపెట్టిన వేలిముద్రల నమోదు దీనికి తోడైంది. మాంటెనెగ్రో, బోస్నియా షెంగెన్‌లో లేవు కనుక, ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చిన వీసాతో క్రొయేషియా దాటినవారు మళ్లీ లోపలికి రాలేరు. మన పాస్‌పోర్టు ఉన్నవారు టికెట్టు కొనే ముందే ఈ సంగతి చూసుకోవాలి. కోటోర్ చూడాలనుకుంటే అక్కడ రెండు రాత్రులు ఉండండి, మోస్తార్ అయితే వంతెన దగ్గర ఒక రాత్రి ఉండండి. డుబ్రోవ్నిక్‌కు కేటాయించిన రోజుల్లోంచి మాత్రం వాటిని కోసుకోవద్దు.

ఇక్కడ అసలు వివాదం ప్రయాణికుడి సమయం గురించి మాత్రమే కాదు, ఊరు ఎవరిదన్న ప్రశ్న గురించి. 1991లో కోటగోడల లోపల సుమారు ఐదు వేల మంది నివసించేవారు. ఇప్పుడు వెయ్యిన్నరకు అటూఇటూగా మిగిలారు. ఇళ్లు రోజువారీ అద్దె గదులైపోయాయి, చలికాలం వస్తే చాలా తలుపులకు తాళాలు పడతాయి. విహార నౌకలు ఒకేసారి దించిన వేల మంది మధ్యాహ్నానికల్లా వెళ్లిపోతారు. వారు స్థానికులకు మిగిల్చేది కిక్కిరిసిన వీధి మాత్రమే. 2017లో ఎన్నికైన మేయర్ మాటో ఫ్రాంకోవిచ్ హయాంలో నౌకల సంఖ్యకు పరిమితి పెట్టి, ఒకేసారి రెండింటికి మించకుండా సర్దుబాటు చేసినప్పుడు, స్వేచ్ఛగా తిరిగే హక్కు ఏమైపోతుందని కొందరు ప్రశ్నించారు. రగూసా చరిత్ర తెలిసినవారు ఆ ప్రశ్న వేయలేరు. ప్లేగు కాలంలో, 1377లో, తెగులు ఉన్న ప్రాంతాల నుంచి వచ్చేవారు నెల రోజుల పాటు దగ్గర్లోని తీరపట్టణం ట్సవ్‌తాత్‌లోనో దానికి ఎదురుగా ఉన్న మర్కన్ దీవిలోనో ఉండి ఆ తర్వాతే నగరంలోకి రావాలని చట్టం చేసిన రిపబ్లిక్ అది. వ్యాపారమే ప్రాణమైనా, వచ్చేవారందరినీ వచ్చినట్టే రానిస్తే ఊరు మిగలదని గుర్తించి నిర్ణయం తీసుకుంది. కొలత పెట్టడం ఆ ఊరికి ఆరు శతాబ్దాలకు పైబడిన అలవాటు.

ఒట్టి పరిమితులతో సరిపోదని మాత్రం ఒప్పుకోవాలి. జనాన్ని ఆపడం కంటే పంచడం మేలు. 2022 జులైలో ప్రారంభమైన 2,404 మీటర్ల పెల్యెషాత్స్ వంతెన పుణ్యమా అని, స్ప్లిట్ నుంచి రోడ్డున వచ్చేవారు ఇప్పుడు బోస్నియా భూభాగంలోని న్యూమ్ దగ్గర రెండుసార్లు సరిహద్దు దాటకుండానే స్టోన్ మీదుగా రావచ్చు. డుబ్రోవ్నిక్ దాకా పరుగెత్తకుండా స్టోన్‌లో, ట్సవ్‌తాత్‌లో, లోపుద్‌లో రాత్రి ఉండి, పాత పట్టణాన్ని తెల్లవారుజామునో నౌకలు వెళ్లిపోయాక సాయంత్రమో చూసేవారు పెరిగితే, డబ్బు స్థానికుల చేతికి చేరుతుంది, ఊరికి ఊపిరి ఆడుతుంది. ట్సవ్‌తాత్ నుంచి పదో నంబరు సిటీ బస్సు నేరుగా డుబ్రోవ్నిక్‌కు వస్తుంది కనుక దీనికి ప్రత్యేక ఏర్పాట్లేమీ అవసరం లేదు.

దారి కూడా కొంత సిద్ధంగానే ఉంది. కోటగోడలను చూసుకునే ప్రాచీన కట్టడాల మిత్రుల సంఘం 1952లో ఏర్పడింది. స్టోన్ గోడల పునరుద్ధరణ చేపట్టింది కూడా అదే. రాజధాని గోడల మీద వసూలైన డబ్బు రిపబ్లిక్ పాత పొలిమేరలకు చేరాలన్న ఆలోచన అక్కడ ఉంది. గోడల దగ్గర ఆగిపోకుండా దీవులకు చలికాలపు ఫెర్రీలకు, పాత పట్టణంలో సంవత్సరమంతా ఉండేవారి ఇంటి మరమ్మతులకు, స్టోన్ ఉప్పు మళ్లలో పనిచేసేవారి జీతాలకు కూడా ఆ టికెట్టులో వాటా పెట్టాలని నేను కోరుతున్నాను. ఒక యాత్రికుడి దగ్గర 35 యూరోలు తీసుకోగలిగిన ఊరికి ఇది మోయలేని భారం కాదు.