వ్యాపారంలోనే వ్యాప్ ఉంది

చరిత్ర చాలామందికి అన్యాయం చేసింది. వాళ్లందరిలో నాకు ఎక్కువ జాలి కలిగేది 1999, 2000 ప్రాంతాల్లో సెల్‌ఫోన్‌లో ఇంటర్నెట్ పెట్టి అమ్మిన కంపెనీల వ్యూహకర్తల మీద. "వాళ్లకు జనం నాడి దొరకలేదు" అని పాతికేళ్లుగా ఎవరు పడితే వాళ్లు తీర్పు చెప్పేస్తున్నారు. నాడి సంగతేమో గానీ, జనం బొటనవేలు ఎక్కడ పడుతుందో మాత్రం వాళ్లకు మిల్లీమీటర్లతో సహా తెలుసు.

ఆ కాలపు ఫోన్లు వాడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇంటర్నెట్‌కి ప్రత్యేకంగా ఒక బటన్ ఉండేది. నా ఫోన్‌లో అయితే అది సరిగ్గా మధ్యలో, మెసేజ్ చూద్దామని వెళ్లిన వేలు జారితే పడే చోట ఉండేది. జేబులోంచి తీస్తుంటే నొక్కుకునేది, జేబులో పెడుతుంటే నొక్కుకునేది. తెర మీద "కనెక్ట్ అవుతోంది" అన్న రెండు మాటలు కనపడగానే గుండె గుభేలుమనేది. వెంటనే ఎర్ర బటన్ మీద పడి, ఒకసారికి నమ్మకం చాలక నాలుగైదుసార్లు నొక్కేవాణ్ణి. ఆ ఫోన్‌లో అంకెల కంటే ముందు అరిగిపోయింది ఎర్ర బటనే. అయినా నెలాఖరు బిల్లులో ఒక చిన్న గీత దాని పని అది చేసుకుపోయేది. కస్టమర్ ఇంటర్నెట్ చూడలేదు, చూడాలని అనుకోలేదు, చూడకుండా ఉండటానికి శాయశక్తులా పోరాడాడు. అయినా డబ్బు కట్టాడు. ఇంతకంటే గొప్ప వ్యాపార నమూనా ఏదైనా ఉంటే చెప్పండి, నేను ఈ వ్యాసం ఇక్కడే ఆపేస్తాను.

ఆ సేవ పేరు వ్యాప్, అంటే వైర్‌లెస్ అప్లికేషన్ ప్రోటోకాల్. 1997లో ఎరిక్సన్, మోటొరోలా, నోకియా, అన్‌వైర్డ్ ప్లానెట్ అనే నాలుగు కంపెనీలు కూర్చుని ఒక ఫోరమ్ పెట్టుకున్నాయి. అప్పటికే ప్రపంచం మొత్తం వాడుతున్న వెబ్ ఒకటుంది కదా, దాన్నే ఫోన్‌లోకి తెద్దామని సామాన్యుడు అనుకుంటాడు. వీళ్లు సామాన్యులు కారు. ఫోన్ కోసం విడిగా ఇంకో భాష తయారు చేశారు. అందులో పేజీని కార్డు అంటారు, కార్డుల కట్టను డెక్ అంటారు. పేకాట మాటలు ఎందుకు పెట్టారో మొదట్లో ఎవరికీ అర్థం కాలేదు. బిల్లు చేతికొచ్చాక అయింది.

అసలు ప్రతిభంతా ధర నిర్ణయంలో ఉంది. ఆనాటి నెట్‌వర్క్ వేగం సెకనుకు 9.6 కిలోబిట్లు. నోకియా 7110 లాంటి తొలి ఫోన్ ఒక విడతలో మింగగలిగింది సుమారు 1,400 బైట్లు. లెక్క ప్రకారం అది సెకనున్నర లోపే వచ్చేయాలి. రాదు. ముందు మామూలు ఫోన్ కాల్‌లా డయల్ కావాలి, దానికే అర నిమిషం దాకా పట్టేది. తర్వాత మధ్యలో ఉన్న గేట్‌వే అనే కంపెనీ కంప్యూటర్ వెళ్లి వెబ్‌సైట్‌ని పలకరించి రావాలి. కార్డు వచ్చాక దాన్ని మనం చదవాలి, చదివి ఇంకో లింకు నొక్కాలి, మళ్లీ ఎదురుచూడాలి. కాల్ కలిసిన క్షణం నుంచి మీటరు తిరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే బిల్లు వేసేది వచ్చిన సమాచారానికి కాదు, గడిచిన నిమిషాలకు. మీరు కళ్లు చికిలించి చదువుతున్నంతసేపూ, తుమ్ముతున్నంతసేపూ, ‘ఇప్పుడు ఏ బటన్ నొక్కాలిరా దేవుడా’ అని ఆలోచిస్తున్నంతసేపూ కంపెనీకి ఆదాయమే. కూడబలుక్కుని చదివేవాడు వాళ్లకు ఉత్తమ కస్టమర్.

ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. ఆ పెద్దలెవరికీ నిమిషాల లెక్కన బిల్లు వేసే అవకాశం రాలేదు. మామూలు వ్యాపారంలో సరుకు బాగుంటే లాభం పెరుగుతుంది. ఇక్కడ సరుకు ఎంత నత్తనడక నడిస్తే లాభం అంత పరుగెత్తుతుంది. నెట్‌వర్క్‌ను బాగు చేయమని ఏ ఇంజినీరైనా అడిగితే, ఆదాయాన్ని తగ్గించమని అడిగినట్టే. దీన్ని గిట్టనివాళ్లు ‘వ్యాప్ అంటే వెయిట్ అండ్ పే’ అని ఎగతాళి చేశారు. అది ఎగతాళి అని వాళ్లు అనుకున్నారు గానీ, నిజానికి అంత నిజాయితీగా పెట్టిన పేరు ఆ పరిశ్రమలో ఇంకోటి లేదు. మన భాష అయితే ఈ రహస్యాన్ని ఎప్పుడో దాచుకుంది. వ్యాపారం అన్న మాట మొదట్లోనే వ్యాప్ ఉంది చూడండి.

ఇంతటి వ్యవస్థ మీద నిపుణులు పగబట్టడం సహజం. వాడుకలో సౌలభ్యాన్ని పరిశీలించే జేకబ్ నీల్సన్ బృందం 2000లో లండన్‌లో 20 మందికి వ్యాప్ ఫోన్లిచ్చి వారం రోజులు వాడమంది. వారం తర్వాత ‘ఏడాదిలోపు మీరు ఇలాంటిది వాడతారా’ అని అడిగితే 70 శాతం మంది వాడమన్నారు. లోకమంతా ఆ 70 శాతం గురించే మాట్లాడింది. వారం రోజులు అది చేతిలో పెట్టుకుని కూడా వాడమని అనలేకపోయిన ఆ ఆరుగురి గురించి ఒక్కరైనా ఆలోచించారా? వ్యూహకర్తలు ఆశలు పెట్టుకున్నది వాళ్ల మీదే.

ప్రచారంలోనూ ఎక్కడా తగ్గలేదు. బ్రిటన్‌లో బీటీ సెల్‌నెట్ అనే ఫోన్ కంపెనీ ప్రకటనలో వెండి ఒళ్లున్న కామిక్ వీరుడు అలల పలక మీద నిలబడి దూసుకుపోతుంటాడు, అలా ఇంటర్నెట్‌లో తేలిపోవచ్చని. ఆ ఇంటర్నెట్ ప్రత్యక్షమయ్యే నోకియా తెర అడ్డంగా 96 చుక్కలు, నిలువుగా 65. అన్నీ కలిపి 6,240 చుక్కలు, అవీ నలుపే. ఆ వీరుణ్ణి అందులో కూర్చోబెట్టాలంటే ముందు పలక బయట వదిలి రమ్మనాలి.

ఇప్పుడు అసలు భయం దగ్గరికి వద్దాం. టెలిఫోన్ కంపెనీల బోర్డు గదుల్లో అప్పట్లో ఒక బూతుమాట ఉండేది: గొట్టం. మనం తీగలూ టవర్లూ వేస్తాం, మీద వ్యాపారం ఇంకెవడో చేసుకుంటాడు, మనం ఉత్త గొట్టంలా మిగిలిపోతాం అని వాళ్ల బెంగ. గొట్టం అనిపించుకోకుండా ఉండటానికి వాళ్లు కనిపెట్టింది ప్రహరీ గోడ తోట. కస్టమర్ ఇంటర్నెట్‌లోకి అడుగు పెట్టగానే కంపెనీ సొంత పోర్టల్‌లో తేలతాడు. అక్కడ వాతావరణం ఉంటుంది, రాశిఫలాలుంటాయి, స్కోర్లుంటాయి. బయటికి పోయే దారి మాత్రం మెనూలో ఆరో అంతస్తులో ఎక్కడో ఉంటుంది, కొన్నిచోట్ల అసలే ఉండదు. లోపల అమ్మకానికి పెట్టే సరుకు తయారుచేసినవాడికి దక్కే వాటా చూస్తే, వాడు ఇంకోసారి తయారు చేయడు. దాంతో తోట ప్రశాంతంగా ఉండేది. ఒక్క మొక్క కూడా లేని తోటలో ఉండే ప్రశాంతత అది.

వోడాఫోన్, ఫ్రాన్స్‌కు చెందిన వివెండి కలిసి 2000లో విజావీ అనే పోర్టల్ పెట్టాయి. వోడాఫోన్ దగ్గర కోట్లమంది చందాదారులు, వివెండి దగ్గర సంగీతం, సినిమా. ఒక్కొక్కరూ నెలకు ఇంత ఖర్చు పెడితే, ఇన్ని కోట్లమంది, పన్నెండు నెలలు... కంప్యూటర్‌లో ఒక గడిని పట్టుకుని కిందకి లాగితే చాలు, ఆదాయం దానంతటదే పెరిగిపోతుంది. ఆ లెక్కల్లో జనం ఎందుకు ఖర్చు పెడతారన్న దానికి మాత్రం గడి లేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు విజావీ. 2002లో వివెండి తన సగం వాటాను సుమారు 14 కోట్ల యూరోలకు వోడాఫోన్‌కే ఇచ్చి తప్పుకుంది.

అయితే ఈ పోర్టళ్లన్నీ చిల్లర తిండి. అసలు విందు 3జీ, అంటే మూడో తరం మొబైల్ నెట్‌వర్క్ వేలం. బ్రిటన్ ప్రభుత్వం 2000 మార్చి 6న దానికి కావలసిన రేడియో తరంగాలు వాడుకునే లైసెన్సులు ఐదు వేలానికి పెట్టింది. వేలం నియమాలు రాసింది ఆర్థిక శాస్త్రంలో గేమ్ థియరీ, అంటే ఎదుటివాడి ఎత్తును బట్టి మన ఎత్తు వేసే శాస్త్రం చదువుకున్న ప్రొఫెసర్లు. అటువైపు కంపెనీల వ్యూహకర్తలు. ప్రొఫెసర్లకు ఆట తెలుసు, వ్యూహకర్తలకు పాడటం తెలుసు. 150 రౌండ్లు పాడారు. ఏప్రిల్ 27న సుత్తి పడేసరికి మొత్తం 2,247 కోట్ల పౌండ్లు. అప్పటికి 3జీ ఫోన్ అనే వస్తువు మార్కెట్లోనే లేదు. దానితో జనం ఏం చేస్తారో ఎవరికీ తెలియదు. తెలియని దానికి ధర ఎంత పెట్టాలో తేల్చుకోవడానికి వాళ్లు ఎంచుకున్న పద్ధతి సులువైనది: పక్కవాడు పెట్టినదాని కంటే కాస్త ఎక్కువ.

అదే ఏడాది ఆగస్టులో జర్మనీ వంతు. బ్రిటన్ 150 రౌండ్లయితే మేం తక్కువ తిన్నామా అని అక్కడ 173 రౌండ్లు. ఆరు కంపెనీలు గెలిచాయి. గెలవడం అన్న మాటను వేలంపాటల్లో కాస్త జాగ్రత్తగా వాడాలి. కట్టింది మొత్తం 5,000 కోట్ల యూరోలు దాటింది. అందులో ఒకటి స్పెయిన్, ఫిన్‌లాండ్ కంపెనీలు కలిసి పెట్టినది, క్వామ్ అని పేరు. సుమారు 840 కోట్ల యూరోలు పోసి తరంగాలు కొన్నది, 2001 చివర్లో దుకాణం తెరిచింది, 2002లోనే మూసింది. 3జీ నెట్‌వర్క్ కట్టలేదు కాబట్టి లైసెన్సు కూడా పోయింది. మోబిల్‌కామ్ అనే ఇంకో విజేత 2003లో తన లైసెన్సును తనే తీసుకెళ్లి ప్రభుత్వానికి అప్పగించింది. డబ్బు తిరిగి రాలేదు, అది వేరే విషయం. ఆ తరంగాలను ప్రభుత్వం 2010లో ఇంకా చాలా తరంగాలతో కలిపి మళ్లీ వేలం వేసింది. ఈసారి మొత్తానికి వచ్చింది సుమారు 440 కోట్ల యూరోలు. ఒకే గాలిని రెండుసార్లు అమ్మిన ఘనత చూస్తే, ఆ కాలంలో మొబైల్ ఇంటర్నెట్ వ్యాపార వ్యూహం నిజంగా వంటబట్టింది ఒక్క ఆర్థిక శాఖలకేనని అనిపిస్తుంది. బ్రిటన్‌లో తొలి 3జీ సేవ మొదలైంది 2003 మార్చి 3న. మూడో నెల, మూడో తేదీ, మూడో సంవత్సరం, కంపెనీ పేరు కూడా త్రీ. మూడేళ్లు ఆలస్యమైతేనేం, ముహూర్తం మాత్రం గట్టిగా కుదిరింది.

ఇన్ని గొప్ప పనులు జరుగుతుంటే జపాన్‌లో కొందరు పరువు తీశారు. అక్కడి ఫోన్ కంపెనీ ఎన్‌టీటీ డొకొమో 1999 ఫిబ్రవరి 22న ఐ-మోడ్ అనే ఫోన్ ఇంటర్నెట్ సేవ మొదలుపెట్టింది. దాన్ని రూపుదిద్దిన ముగ్గురిలో ఒకరు, మారి మత్సునాగ అనే ఆవిడ, అప్పటిదాకా ఉద్యోగ ప్రకటనల పత్రిక నడిపిన సంపాదకురాలు. టెలికాం తెలియని మనిషి. తెలియకపోవడం వల్ల ఎంత నష్టమో చూడండి. వేగం అక్కడా అదే 9.6 కిలోబిట్లు. తెరలూ చిన్నవే. కానీ నిమిషాలకు బిల్లు వేయలేదు. 128 బైట్ల ప్యాకెట్‌కు 0.3 యెన్ చొప్పున, వచ్చిన సమాచారానికి మాత్రమే తీసుకున్నారు. చదువుతున్నంతసేపూ ఉచితం! తుమ్మినా ఉచితం! ప్రకటనల్లో ఇంటర్నెట్ అన్న మాటనే పక్కన పెట్టి, బ్యాంకు పని చేసుకోవచ్చు, టికెట్లు కొనుక్కోవచ్చు అని చెప్పారు. అలల పలక లేదు, వెండి మనిషి లేడు.

ఇంతకంటే ఘోరం వాటాల పంపకం. సైట్లవాళ్ల తరఫున చందా డబ్బును ఫోన్ బిల్లులోనే వసూలు చేసి, అందులో 9 శాతం మాత్రం తమ కమిషన్‌గా ఉంచుకుని మిగతాది వాళ్లకే ఇచ్చేశారు. పైగా కంపెనీ మెనూలో లేని సైటు అయినా అడ్రస్ కొట్టుకుని వెళ్లవచ్చు. గోడ ఉందిగానీ, దాని గేటుకు తాళం లేదు. ఫలితం ఏమైంది? ఆరు నెలల్లో పది లక్షల మంది, 2000 ఆగస్టు కల్లా కోటి మంది చేరి, నెట్‌వర్క్ మీద విపరీతమైన ఒత్తిడి. ఐరోపాలో ఇలాంటి ఇబ్బంది ఎవరికీ రాలేదు. షిగెటకా కురిటా అనే ఉద్యోగి అయితే 12 చుక్కల అడ్డం, 12 చుక్కల నిలువులో 176 చిన్న బొమ్మలు గీశాడు. గుండె, సూర్యుడు, గొడుగు. వాటికి విడిగా డబ్బు వసూలు చేయాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. ఇవాళ అందరూ పంపుకుంటున్న ఎమోజీల వెనక ఆ నిర్లక్ష్యం ఉంది.

అదృష్టవశాత్తూ డొకొమోకు కూడా త్వరలోనే బుద్ధొచ్చింది. 2000 నవంబర్‌లో అమెరికాలో ఏటీ అండ్ టీ వైర్‌లెస్‌లో 16 శాతం వాటా కోసం 980 కోట్ల డాలర్లు పెడుతున్నట్టు ప్రకటించింది. ఐరోపా కంపెనీల్లోనూ వాటాలు కొన్నది. అన్నీ ఆ కాలపు ధరల్లోనే కొన్నది. తర్వాత వాటి విలువ కరిగిపోయి భారీ నష్టాలు రాసుకుని, అంతర్జాతీయ వ్యూహకర్తల సరసన గౌరవంగా కూర్చుంది.

ఇక రింగ్‌టోన్ల గురించి ఎక్కువ చెప్పను. పాట మొత్తం కంటే ఆ పాటలోని ఇరవై సెకన్ల బీప్‌లకు ఎక్కువ ధర పలికిన రోజులవి. ఒకటి కొంటే వారం వారం ఇంకోటి దానంతటదే వచ్చేది. ఆపాలంటే ఏ నంబరుకు ఏ మాట పంపాలో ప్రకటన అడుగున చీమల బారులా రాసి ఉండేది. పైన చెప్పిన బటన్ సిద్ధాంతానికి అది తమ్ముడు, అంతే.

2008 జూలైలో ఆపిల్ 500 యాప్‌లతో కొట్టు తెరిచింది. అదీ ప్రహరీ గోడ తోటే. గేటు దగ్గర కాపలా, లోపలికి రావాలంటే అనుమతి, అమ్మకంలో 30 శాతం తోట యజమానిది. 9 శాతం తీసుకున్నవాళ్లను మిగతా కంపెనీలు అమాయకులన్నాయి. 30 శాతం తీసుకున్నవాడికి దండలు పడ్డాయి. పాత వ్యూహకర్తలు టీవీలో ఆ ప్రకటన చూసి ఏమనుకుని ఉంటారో ఊహించగలను. ఆలోచన మనదే కదా, ఒక్క తెర పెద్దది చేసి, లోపల నాలుగు మొక్కలు నాటాడు, అంతేగా! ఆ మొక్కలకు నీళ్లు మోసే పని మాత్రం వీళ్లకు దక్కింది, గొట్టాల రూపంలో.

అందుకే వాళ్లకు శిష్యులు లేరని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నిన్న రాత్రి ఫోన్‌లో ఏదో చదువుతుంటే తెర నిండా ప్రకటన వచ్చింది. మూసే ఇంటూ గుర్తు కోసం వెతికాను. పై మూలలో, ఆవగింజలో అరవయ్యో వంతు సైజులో, బూడిదరంగు మీద బూడిదరంగులో ఉంది. ఊపిరి బిగబట్టి, వేలి కొసతో, గురి చూసి నొక్కాను. ప్రకటన తెరుచుకుంది. పాత అలవాటు కొద్దీ నా బొటనవేలు ఎర్ర బటన్ కోసం కిందకి వెళ్లింది. ఈ ఫోన్‌కి అది లేదు.