ఒత్తులు పలికితే గోలట!

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇప్పుడే ఓ మెసేజ్ పడింది. కమ్యూనిటీ హాల్లో సాయంత్రాలు నేను కూర్చోబెట్టి చదివించే పిల్లల గోల ఎక్కువైందట, ఇకపై "బయటి పిల్లలకు" తాళం ఇవ్వరట. కింద వరసగా బొటనవేళ్లు.

బయటి పిల్లలంటే ఎవరనుకున్నారు? వాచ్‌మన్ పిల్లలు, మన గిన్నెలు తోమే ఆవిడ కూతురు, ఇస్త్రీ బండాయన మనవడు. తల్లి లోపలికొచ్చి బాత్రూములు కడగొచ్చు. కూతురు హాల్లో కూర్చుని కథ చదవకూడదు.

పోయిన కిట్టీ పార్టీకి అదే హాల్లో మైకు పెట్టి తంబోలా ఆడారు. నంబర్లు మా ఐదో అంతస్తు దాకా వినపడ్డాయి, టికెట్ కొనుంటే ఇంట్లోంచే ఫుల్ హౌస్ కొట్టేదాన్ని. అది గోల కాదు లెండి, కల్చరల్ యాక్టివిటీ.

అసలు ఆ గోలే కదండీ చదువు! ఈ పిల్లలు గుణింతం పాటలా అప్పజెప్పేస్తారు. మధ్యలో "కౌ" మీద వేలు పెట్టి ఇదేంటి అంటే, క కా కి కీ నుంచి పాడుకుంటూ అక్కడికొస్తారు. ఆ పాట మాన్పించి, కూడబలుక్కుంటూ అయినా పైకి చదివించాలి. తప్పు చదివితే నవ్వకుండా వినే మనిషి ఒకరుండాలి. మీ పిల్లలకి అమ్మమ్మలున్నారు, ట్యూషన్ టీచర్లున్నారు. వీళ్ల అమ్మలు మీ ఇళ్లలో పని ముగించుకుని చేరేసరికే చీకటి పడుతుంది.

మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా చదివి అర్థం చేసుకోవాలని, 2026-27 కల్లా అది సాధించాలని 2021లో కేంద్ర ప్రభుత్వం వాళ్లు నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. మా కమిటీకి ఆ కబురు అందినట్టు లేదు.

అన్నిటికంటే కడుపు మండింది దేనికంటే, ఆ గిన్నెలు తోమే ఆవిడ కూతురు నాలుగో తరగతి. పేరులో టెక్నో ఉన్న బడి, అప్పు చేసి కడుతున్న ఫీజు. ఒత్తక్షరం కనిపిస్తే నోరు మూసేసుకునేది. నిన్న లిఫ్టు దగ్గర ఆగి, ఎవరూ అడక్కుండానే గట్టిగా చదివింది: "పనివారు లిఫ్టు ఉపయోగించుట నిషిద్ధము." ఎక్కడా తడబడలేదు. చదివి, శెభాష్ అంటానని నా మొహంలోకి చూసింది. ఏమనాలి నేను?

హాలెందుకు, లైబ్రరీకి తీసుకెళ్లొచ్చుగా అని ఓ పెద్దాయన సలహా. 1960 గ్రంథాలయాల చట్టం పుణ్యమా అని ఆస్తిపన్ను మీద రూపాయికి 8 పైసలు మనందరం కడుతూనే ఉన్నాం. మా దగ్గరి శాఖలో గ్రూప్స్‌కి చదివే అన్నలతో కుర్చీ దొరకదు, పేజీ తిప్పిన చప్పుడైనా తలెత్తి చూస్తారు. అక్కడ ఏడేళ్ల పిల్ల పైకి చదవాలట!

ఇక వీళ్ల దానధర్మాలు. కథల పుస్తకాలు కావాలని గ్రూపులో అడిగితే ఎంసెట్ గైడ్లు దించారు. రెండో తరగతి వాళ్లకి! సగం బిట్లకి టిక్కులు కూడా పెట్టేసి ఉన్నాయి. ఇంకొకాయన కొడుకు పుట్టినరోజని వచ్చి, పిల్లల చేతుల్లో కొత్త పుస్తకాలు పెట్టి ఫోటో దిగి, మళ్లీ కార్లో వేసుకుపోయాడు. ఇది జరిగి ఏడాదయినా నాకు ఆరలేదు.

తాళం ఇవ్వకపోతే రేపటి నుంచి పార్కింగ్‌లో, సెక్రటరీ గారి కారు పక్కనే కూర్చుంటాం. పైకే చదువుతాం. సాయం చేయాలనుకునేవాళ్లు పిల్లల కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో ఫ్రీగా ఉన్న తెలుగు కథలు, మొదటి స్థాయివి, ప్రింటు తీసివ్వండి. గైడ్లు మాత్రం వద్దు బాబూ, అట్టపెట్టెల నిండా ఉన్నాయి, కావలిస్తే మీరే పట్టుకెళ్లండి.