డై కింద అసలు రంగు దాక్కుని ఉండదు

తలకు రంగు మానేద్దామని నిర్ణయించుకున్నవాళ్ళు చాలామంది మొట్టమొదట చేసే పని ఇంకో సీసా కొనడం. రంగు తీసేసే మందో, లేత రంగు డైయో, ఏకంగా బ్లీచో. పైనున్న నలుపు వదిలితే లోపల ఉన్న నెరుపు చక్కగా బయటపడుతుందని ఆశ. లెక్క తప్పేది అక్కడే.

శాశ్వత డై గోడకు వేసిన సున్నం లాంటిది కాదు. అందులోని అమోనియా వెంట్రుక పై పొరను ఉబ్బించి దారి తెరుస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ లోపలికి దిగి, అక్కడ మిగిలి ఉన్న మెలనిన్‌ను, అంటే వెంట్రుక సొంత రంగును, కొంత చెరిపేస్తుంది. అదే సమయంలో డైలోని పీపీడీ (పారా-ఫినైలిన్‌డయమిన్ అనే రసాయనం) వంటి చిన్న అణువులను కలిపి పెద్ద రంగు అణువులుగా మారుస్తుంది. పెద్దవయ్యాక అవి బయటికి రాలేవు, డై నిలబడేది అందుకే. రంగు తీసే మందు ఆ అణువులను విడగొట్టగలదు గానీ, పెరాక్సైడ్ తినేసిన మెలనిన్‌ను తిరిగి తేలేదు. అందుకే ఒకప్పుడు నల్లగా ఉన్న వెంట్రుకలు రాగి రంగులోకో ఇటుక రంగులోకో తిరుగుతాయి. పైగా ఆ మందు వాడాక నీళ్ళతో సరిగ్గా కడగకపోతే, విడిపోయిన అణువులు గాలి తగిలి మళ్ళీ కలుస్తాయి. ఒకటి రెండు రోజుల్లో జుట్టు మళ్ళీ ముదురుతుంది. ఇక లేత రంగు డై సంగతి. డై మీద డై వేస్తే పాత రంగు తేలికపడదు. కొత్తగా పెరిగిన కుదుళ్ళు మాత్రం ఎర్రగా మెరుస్తాయి, చివర్లు ఎప్పటిలాగే నల్లగా ఉంటాయి.

కాబట్టి అసలు రంగు రావాల్సింది కుదురు నుంచే. ఇందులో పనిచేసేవి రెండే: కాలం, కత్తెర. జుట్టు నెలకు సుమారు 1 నుంచి 1.25 సెంటీమీటర్లు పెరుగుతుంది. 5 సెంటీమీటర్ల పొట్టి క్రాఫుకు నాలుగైదు నెలలు చాలు. భుజాల దాకా 30 సెంటీమీటర్ల జుట్టున్నవాళ్ళు ఒక్క అంగుళం కూడా వదులుకోనంటే రెండేళ్ళు పైనే పడుతుంది. రెండు మూడు నెలలకోసారి చివర్లు కత్తిరిస్తూ మెడ దాకా తగ్గించుకుంటే ఏడాది చుట్టూ పని అయిపోతుంది.

మధ్యలో వదిలేసేవాళ్ళు ఎక్కువగా వదిలేసేది మూడో నెలకూ ఆరో నెలకూ మధ్య. పాపిట వెంట మూడు నాలుగు వేళ్ళ వెడల్పున తెలుపు, దాని అంచున గీత గీసినట్టు నలుపు. చూసేవాళ్ళకు కొట్టొచ్చినట్టు కనబడేది నెరుపు కాదు, ఆ గీత. దానికి కారణం తెల్ల వెంట్రుకలు కావు, ఇన్నాళ్ళూ వేసిన కటిక నలుపు. పుట్టుకతో అంత నల్లటి జుట్టు చాలా కొద్దిమందికే ఉంటుంది. మానేసే ఆలోచన వచ్చిన రోజు నుంచే పెరిగిన కుదుళ్ళకు ముదురు గోధుమ రంగు వేయించుకోవడం, తర్వాత శాశ్వత డై బదులు కొన్ని వారాల్లో కడిగితే పోయే రంగుకు మారడం మేలు. అప్పుడు ఆ గీత పదును తగ్గుతుంది. పాపిటను నిటారుగా కాకుండా వంకరటింకరగా తీస్తే అది మరికొంత కలిసిపోతుంది. సన్న పాయలను బ్లీచ్ చేయించి తెలుపుతో కలపడం కూడా ఉంది గానీ, ఏళ్ళ తరబడి డై తిన్న జుట్టు ఒక్క విడతలో లేతబడదు. రెండు మూడు విడతలకు ఒప్పుకుంటేనే ఆ దారి పట్టాలి.

ఒక చిన్న పరీక్ష. రెండో అద్దం పట్టుకుని తల వెనక చూసుకోండి. నెరుపు సాధారణంగా కణతల దగ్గర మొదలై నడినెత్తికి పాకుతుంది, మెడ పైభాగానికి అన్నిటికన్నా ఆలస్యంగా చేరుతుంది. ముందు మాత్రమే చూసుకుని తల ముగ్గుబుట్టలా ఉంటుందని బెంగపడేవాళ్ళకు, వెనక సగం ఇంకా నల్లగానే ఉండొచ్చు.

గోరింటాకు, నీలి ఆకు (ఇండిగో) పొడి వాడినవాళ్ళకు కథ వేరు. గోరింటాకులోని లాసోన్ వెంట్రుకలోని కెరాటిన్‌ను పట్టుకుని వదలదు. నీలి పొడి మీద బ్లీచ్ పడితే జుట్టు ఆకుపచ్చగా తిరగొచ్చు. శుద్ధమైన గోరింటాకు నారింజ, ఎరుపు ఛాయలే ఇస్తుంది, నలుపు ఎన్నటికీ ఇవ్వదు. గంటలో నల్లబరిచే 'హెన్నా' పొట్లంలో పీపీడీ ఉందేమోనని అనుమానించాల్సిందే. కొన్ని రంగుల్లో లోహ లవణాలూ ఉంటాయి, పెరాక్సైడ్ తగిలితే అవి వేడెక్కి జుట్టును తుంచేస్తాయి. ఏం వాడారో గుర్తులేకపోతే దువ్వెనలో వచ్చిన పాతిక వెంట్రుకలను గాజు గిన్నెలో వేసి, 6 శాతం పెరాక్సైడ్ రెండు చెంచాలు, అమోనియా కొన్ని చుక్కలు కలిపి అరగంట ఉంచండి. గిన్నె వేడెక్కినా, నురగ లేచినా, రంగు విచిత్రంగా మారినా బ్లీచ్ జోలికి పోవద్దు.

మానేయడానికి కారణాల్లో అందరూ ముందు చెప్పేది క్యాన్సర్ భయం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2010లో వెలువరించిన అంచనా ప్రకారం, వృత్తిగా రంగులు వేసే క్షురకులకు ముప్పు ఉండే అవకాశం ఉంది. సొంతానికి వాడుకునేవాళ్ళ విషయంలో తేల్చి చెప్పేంత ఆధారం లేదు. మా దృష్టిలో అంతకన్నా గట్టి కారణం ఎలర్జీ. పీపీడీ ఇరవై ఏళ్ళు ఏమీ చేయకుండా ఊరుకుని ఒకరోజు చెవుల వెనక దురదతో మొదలై కళ్ళు మూసుకుపోయేంత వాపు తేగలదు. ఒకసారి అలా జరిగితే ఆ మందుకు దూరమే. 'అమోనియా లేదు' అన్న మాట పీపీడీ లేదన్న హామీ కాదు.

నెరిసింది మళ్ళీ నల్లబడుతుందనే ప్రకటనలకు ఆధారంగా చూపే పరిశోధనలు ఉన్నమాట నిజమే. ఒత్తిడి తగ్గిన కాలంలో కొద్ది వెంట్రుకలకు రంగు తిరిగి రావడాన్ని 2021లో కొలంబియా విశ్వవిద్యాలయం నమోదు చేసింది. కొద్ది వెంట్రుకలు, అంతే, తలంతా కాదు. ఆ ఫలితం నుంచి ఏ నూనే పుట్టలేదు. పాతికేళ్ళలోపే నెరిస్తే మాత్రం బీ12, థైరాయిడ్ చూపించుకోవడంలో అర్థం ఉంది.

తెలుపు వచ్చాక కొత్త తలనొప్పి పసుపు ఛాయ. నీళ్ళలోని ఇనుము, రాగి, పొగ, ఎండ, రంగున్న నూనెలు అన్నీ తెల్ల వెంట్రుక మీద ఇట్టే తేలతాయి. ముందు లోహాలను లాగేసే కీలేటింగ్ షాంపూతో కడిగి, ఆ తర్వాతే పసుపు ఛాయను అణిచే ఊదా షాంపూ వాడాలి. వారానికోసారి, రెండు మూడు నిమిషాలు చాలు. రోజూ వాడితే తల లేత వంగపండు రంగులో తేలుతుంది. జుట్టును నిటారు చేసే ఇస్త్రీ యంత్రం వేడికి కమిలిన పసుపు మాత్రం ఏ షాంపూకీ లొంగదు, అంతమేరకు కత్తిరించడమే.

జుట్టు తెల్లబడ్డాక ముఖం వెలవెలబోయినట్టు అనిపిస్తే చాలామంది కనుబొమలకు డై వేస్తారు. కంటికి అంత దగ్గర పీపీడీ పెట్టడం మంచి ఆలోచన కాదు. బూడిద రంగు పెన్సిల్‌తో రెండు గీతలు దిద్దితే ఆ లోటు తీరుతుంది, రాత్రి కడుక్కుంటే పోతుంది.