కరెంటు కన్నా రేవు దాటడమే కష్టం

గోదావరి జిల్లాల్లో రేడియేషన్ చికిత్సను 'కరెంటు పెట్టడం' అంటారు. ఆ మాట వినగానే ఒళ్లు కాలుతుందని, షాక్ కొడుతుందని భయం. నిజానికి బల్ల మీద పడుకున్న మనిషికి ఆ కిరణం తగిలినట్టే తెలియదు. గొంతు క్యాన్సర్ అయితే వేడి నీటిలో మెత్తబడిన ప్లాస్టిక్ జల్లెడను ముఖం మీద పరిచి నొక్కుతారు. నిమిషాల్లో అది ఆ ముఖం అచ్చుగా బిగుసుకుంటుంది. ఇక రోజూ అదే తొడుగు, అదే బల్ల. నోరు పూయడం, ముద్ద దిగకపోవడం రెండు మూడు వారాలకు మొదలవుతాయి.

దారి కష్టం మాత్రం మొదటి రోజునుంచే ఉంటుంది. కోనసీమ లంకల్లోని మనిషికి కరెంటు అంటే ముందు పడవ, తర్వాత ఆటో, ఆపైన రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరం బస్సు. వారానికి అయిదు రోజుల చొప్పున ఆరేడు వారాలు. తోడు వచ్చిన కొడుకు కూలీ కూడా పోయినట్టే. ఆగస్టులో వరద వస్తే రేవు ఆగిపోతుంది. తల, మెడ క్యాన్సర్లలో ఈ విరామం ప్రమాదం. మూడు నాలుగు వారాలు గడిచాక, మిగిలిన క్యాన్సర్ కణాలు వేగంగా పెరగడం మొదలుపెడతాయి. చికిత్స అనుకున్నదానికన్నా ఒక్క రోజు ఎక్కువ సాగినా వ్యాధి అదుపులోకి వచ్చే అవకాశం ఒక శాతానికి పైగా తగ్గుతుందని అంచనా. లంక పొగాకు పండే చోట, చుట్ట అలవాటున్న చోట, ఇది చిన్న సంగతి కాదు.

పురోగతి అనగానే మనకు ప్రోటాన్ యంత్రం గుర్తొస్తుంది. 2019లో చెన్నైకి వచ్చింది. కణితి దగ్గరే ఆగిపోయే కిరణం పిల్లలకు, మెదడు అడుగున వచ్చే కణితులకు వరమే. కానీ డెల్టాకు అంతకన్నా పనికొచ్చే మార్పు పెద్ద చప్పుడు లేకుండా జరిగింది. రొమ్ము క్యాన్సర్‌కు ఒకప్పుడు 25 సిట్టింగుల్లో మొత్తం 50 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత) ఇచ్చేవారు. బ్రిటన్ పరిశోధనల తర్వాత అది 15 సిట్టింగుల్లో 40 గ్రే అయింది. 2020లో వెలువడిన 'ఫాస్ట్ ఫార్వర్డ్' అనే మరో బ్రిటన్ పరిశోధన ఫలితాలు అయిదే సిట్టింగుల్లో, వారం రోజుల్లో, 26 గ్రే సరిపోతుందని చూపాయి. మోతాదును సన్నగా తరిగి ఇస్తే ఆరోగ్యకర కణాలకు మేలని పాత నమ్మకం. రొమ్ము క్యాన్సర్ కణాలు కూడా దాదాపు వాటిలాగే స్పందిస్తాయి కాబట్టి సాగదీయడం వల్ల ఒరిగేది తక్కువ.

ఇది అందరికీ కుదరదు, ఎవరికి కుదురుతుందో డాక్టరే తేల్చాలి. అయితే సిట్టింగుకు ఇంత అని లెక్కగట్టే చోట తక్కువ రోజుల చికిత్స ఆసుపత్రికి గిట్టదు. ప్రభుత్వ పథకాలు మొత్తం చికిత్సకు ఒకే ధర కట్టాలని నేను అనేది అందుకే.

గొంతు క్యాన్సర్‌కు ఇంకా వారాల తరబడి తిరగక తప్పదు. వరదకు పోయిన రోజును పూడ్చడానికి ఒకే రోజు రెండు సిట్టింగులు ఇచ్చే పద్ధతి ఉంది. వాటి మధ్య కనీసం ఆరు గంటల ఎడం ఉండాలి. ముద్ద దిగని మనిషి ఆ ఆరు గంటలూ వరండాలో, గంజి క్యారేజీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. యంత్రానికి కోట్లు పెట్టినచోట ఆ పక్కన పది మంచాల గది ఒకటి కట్టలేమా?